సెల్యూట్ ఎగ్గొట్టిన చెయ్యి

విరిగిన కాలికి కట్టు కట్టినవారికి దండం పెడతారు మీరు. చెదిరిన మనసును నిలబెట్టినవారిని మాత్రం "కూర్చుని కబుర్లు చెప్పారు, అంతేగా" అంటారు. ఆ మాట మీలో ఎవరెవరు అన్నారో మీకే తెలుసు. సంజాయిషీలు తరవాత. ముందు ఈ కథ వినండి.

కొండల మధ్య ఒక సైనిక శిబిరంలో పరశురాముడనే సుబేదారు ఉండేవాడు. ధైర్యంలో ఆయనకు సాటి లేరు గాని, కంటికి కనిపించని బాధను బాధ అని ఒప్పుకునేవాడు కాదు. తెల్లవారకముందే లేచేవాడు. తన బూట్లు తానే తుడుచుకునేవాడు. ఒళ్లు కాలిపోతున్నా పరేడు మానేవాడు కాదు.

ఆ శిబిరానికి వకుళ అనే సైకాలజిస్టు వచ్చింది. ఆమె హోదా కెప్టెన్, సుబేదారు కన్నా పైది. మనసు దెబ్బతిన్న జవాన్లతో మాట్లాడి, వాళ్లను మళ్లీ మనుషుల్లో పడెయ్యడం ఆమె పని. తన గదికి ఎవరు వచ్చారో, ఏం చెప్పుకున్నారో ఎక్కడా అనేది కాదు. అందువల్ల ఆమె చేసిన మేలు కూడా ఎవరికీ కనిపించేది కాదు.

పై హోదా వాళ్లు ఎదురైతే సెల్యూట్ చెయ్యాలి. కుడి చేతిలో బరువుంటే చెయ్యకపోయినా తప్పు పట్టరు. పరశురాముడు ఆ సందు పట్టుకున్నాడు. వకుళ వస్తోందంటే చాలు, దగ్గరున్న బకెట్టునో, టీ కెటిల్‌నో కుడి చేత్తో ఎత్తేవాడు. "జైహింద్ మేడమ్" అని నోటితో అనేసి వెళ్లిపోయేవాడు. ఒకరోజు ఏదీ దొరక్క వంటశాల ముందున్న గుమ్మడికాయ ఎత్తుకున్నాడు. జవాన్లు నోళ్లు నొక్కుకుని నవ్వారు.

వకుళకూ నవ్వొచ్చింది. "బరువు దించుకోవాలనిపిస్తే నా గదికి రండి సాబ్," అంది.

"బరువులు నాకు అలవాటే మేడమ్," అన్నాడాయన.

ఆయన దళంలో సింహాచలం అనే శ్రీకాకుళం జవాను ఉండేవాడు. మంచు చరియ విరిగిపడి, పక్కనే నడుస్తున్న స్నేహితుడు అతని కళ్ల ముందే పోయాడు. అప్పటినుంచి పెద్ద చప్పుడు వింటే కొయ్యబారిపోయేవాడు. వకుళ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాక నిద్ర పట్టింది, అన్నం సయించింది.

"కోలుకుంటున్నాడు సాబ్. నేను చెప్పేదాకా పేలుళ్ల దగ్గరికి పంపకండి," అని వకుళ సుబేదారుకు చెప్పింది. ఆయన తల ఊపాడు.

ఆ సాయంత్రమే అందరి ముందు సింహాచలాన్ని నిలబెట్టాడు. "ఏరా, డాక్టరమ్మ జోల పాడిందా?"

"లేదు సాబ్. మాట్లాడతారు, అంతే."

"మాటలతో పోయే భయం ఒక భయమా? రేపు గ్రెనేడ్ విసరడానికి రా."

"మేడమ్ వద్దన్నారు సాబ్."

"నీకు పని నేర్పింది నేనా, మేడమా?"

సింహాచలం మర్నాడు ఇసుక మూటల గోడ వెనక నిలబడి గ్రెనేడ్ పిన్ను తీశాడు. అంతలో పక్క గుంటలోంచి మరొకరు విసిరింది పేలింది. అతను బిగుసుకుపోయాడు. పిన్ను తీసినా, మీట నొక్కి పట్టుకున్నంతసేపు గ్రెనేడ్ పేలదు. ఆ మీట అతని పిడికిట్లో ఉంది. పిడికిలి వణుకుతోంది.

అతన్ని పంపించారని తెలిసి వకుళ అప్పటికే పరుగెత్తుకొచ్చింది. గోడ పక్కన నిలబడి మెల్లగా పిలిచింది.

"సింహాచలం, నా గొంతు వినిపిస్తోందా? పిడికిలి అలాగే ఉంచు. కాళ్ల కింద ఏముంది?"

అతను కళ్లు దించి చూశాడు. "మట్టి... ఎర్రమట్టి మేడమ్."

"మంచు కాదుగా?"

"కాదు మేడమ్."

వణుకు తగ్గింది. పిన్ను తిరిగి పెట్టడానికి వకుళ చెయ్యి చాచింది. దళమంతా ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తోంది. అది పరశురాముడికి భరించరానిదైంది.

"మాటలతో గ్రెనేడ్ ఆగుతుందా? తప్పుకోండి," అంటూ దూకి జవాను మణికట్టు పట్టుకున్నాడు.

సింహాచలం ఉలిక్కిపడ్డాడు. పిడికిలి సడలింది. మీట ఎగిరిపోయింది. పరశురాముడు గ్రెనేడ్ లాక్కుని, ఇద్దరినీ కిందికి తోసి, గోడ మీదుగా విసిరాడు. అది చెయ్యి దాటీ దాటకముందే పేలింది. ఇసుక మూటలు ఆయన ప్రాణం కాపాడాయి. గోడ మీదుగా చాచిన కుడి చెయ్యి మాత్రం మోచేతి కింద మిగల్లేదు.

వకుళ తన బెల్టు విప్పి ఆయన చేతికి బిగించి కట్టింది.

ఆసుపత్రిలో చూడవచ్చిన వాళ్లంతా, జవాను ప్రాణం కాపాడిన వీరుడన్నారు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. వకుళ వచ్చి, ఏమీ అనకుండా మంచం పక్కన కూర్చుని వెళ్లేది. చివరికి ఒకరోజు ఆయనే నోరు విప్పాడు.

"లేని వేళ్లు నొప్పి పెడుతున్నాయి మేడమ్. ఎవరితో అన్నా నవ్వుతారు."

"నేను నవ్వను సాబ్. ఏ వేలు?"

పరశురాముడు గోడవైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. కంటికి కనిపించని బాధ తనకూ వచ్చింది. దాన్ని నమ్మిన మనిషి ఈమె ఒక్కతే. ఆ రోజే కర్నల్‌ను పిలిపించి, తప్పు తనదేనని చెప్పాడు.

కొంతకాలానికి వకుళ సేవలకు సైన్యం పతకం ఇచ్చింది. కర్నల్ ఆమె గుండెల మీద పతకం గుచ్చాడు. సింహాచలంతో సహా దళమంతా ఒక్కసారిగా సెల్యూట్ చేసింది. ముందు వరసలో పరశురాముడి భుజం కూడా లేచింది. ఖాళీ చొక్కా చెయ్యి గాలికి ఊగి కిందికి జారింది.

వకుళ ఆయన ముందు ఆగింది. "పర్వాలేదు సాబ్," అంది.

"గుమ్మడికాయ మోసిన చెయ్యి మేడమ్ అది," అన్నాడాయన.

మనసుకు తగిలిన గాయాన్ని మాన్పేవారి సేవ కూడా సేవే, దాన్ని వేళకు గౌరవించాలి. గౌరవించనందుకు పరశురాముడు చెల్లించిన మూల్యం, గౌరవంగా సెల్యూట్ చెయ్యవలసిన ఆ కుడి చెయ్యే.