పక్కింటివారిచ్చిన సీసా

సాయంత్రం అయిదూ నలభైకి ప్రొఫెసర్ ఇందుమతిగారు వంటింటి కిటికీ జాలీ అంచుకు టేపు అంటిస్తుండగా, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న నాగూర్ వలీ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ముప్పయ్యేళ్లుగా డెంగీ మీద పనిచేస్తున్న మనిషి ఇంట్లో దోమలు! వెలుగుండగానే మోకాళ్ల కింద కుడుతున్నాయి.

వలీ కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "మేడమ్, వైరస్ ఒక్కటీ మిగలకుండా పట్టేసేటన్ని యాంటీబాడీలు పోశాను. అయినా మంచి కణాలకు జబ్బు పాకింది. ఇది నాలుగోసారి. ఎలా పాకుతోంది? గురువారం పరిశోధన కమిటీ ముందు ఏం చెప్పను? కణాలు పెంచిన పళ్లేలన్నీ పారేసి, కలుషితమయ్యాయని రాసేస్తాను. అయిదు నెలల పని పోతే పోయింది."

ఆమెకు ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు.

"నా బాధా అదే. ప్రతి కిటికీకీ జాలీ ఉంది. ఇవి ఎలా వస్తున్నాయో ముందు కనిపెట్టు. పారెయ్యడానికేం, రేపైనా పారెయ్యొచ్చు."

వలీకి చిర్రెత్తింది. అయినా గోక్కుంటూ, ఒకచోట నిలవలేక ఇల్లంతా వెతికాడు. ఫ్రిజ్ వెనక ట్రే పొడిగా ఉంది. కూలర్ బోర్లించి ఉంది. అల్మారా మీది మనీప్లాంటు సీసాను పక్కన పెట్టి, దాని వెనక టార్చి వేసి చూసి, మళ్లీ యథాస్థానంలో పెట్టాడు. ఏమీ దొరకలేదు.

అంతలో పక్కింటి కామేశ్వరిగారు మరో మనీప్లాంటు సీసాతో వచ్చారు. "వదినగారూ, హాల్లోకి ఇది పెట్టుకోండి. వంటింట్లోది ఎలా పాకిందో చూశారుగా? నా చెయ్యి అలాంటిది!"

ఇందుమతిగారు రెండు చేతులా అందుకున్నారు. "కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురు."

"మీ దోమలకు విందు చెయ్యమంటారా!" అని నవ్వుకుంటూ ఆవిడ వెళ్లిపోయారు.

సీసా వలీ చేతికి వచ్చింది. వెలుతురుకు ఎత్తి చూశాడు. నీటి అంచుకు కాస్త పైన, గాజుకు మిరియాల పొడి చల్లినట్టు నల్లని గుడ్లు. వంటింట్లోకి పరుగెత్తాడు. ఇందాక జరిపిన సీసాలో, తీగ వేళ్ల మధ్య దోమ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఎత్తి మరీ పక్కన పెట్టావు. లోపలికి చూడలేదేం?"

"పక్కింటావిడ ఇచ్చిందని తమరే చెప్పారు కదా, మేడమ్, ఆమధ్య..."

"నేనూ అందుకే చూడలేదు." ఆమె రెండు సీసాల్లోనూ మరిగే నీళ్లు పోశారు. "నీ కణాలు ఒకదానికొకటి ఏమీ ఇచ్చిపుచ్చుకోవా?"

వలీ పళ్లేలు పారేయలేదు. కమిటీని గడువు అడిగాడు. కణాలు ఇరుగుపొరుగుకు పంపుకునే అతిచిన్న బుడగలను, అంటే ఎక్సోసోమ్‌లను, ద్రవంలోంచి వేరుచేశాడు. తొమ్మిదో రోజున తేలింది. బుడగలు తీసేసిన పళ్లెంలో కణాలు క్షేమం. బుడగలు మాత్రమే వేసిన పళ్లెంలో జబ్బు. యాంటీబాడీలు బయటే కాపలా ఉన్నాయి. వైరస్ జన్యువు బుడగలో దాగి వెళ్లింది.

ఇందుమతిగారు ఆ ఫలితాల కాగితం చదివి పక్కన పెట్టారు. వలీ అడిగాడు, "కామేశ్వరిగారికి చెప్పారా మేడమ్?"

"చెప్పాను. ఈ వానాకాలంలో పదకొండు ఇళ్లకు ఇలాంటి సీసాలు ఇచ్చిందట. ఒక్కరూ వద్దనలేదు."