గౌరునాయుడు అమ్మిన పాట

సాలూరు సంతవీధిలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే గౌరునాయుడికి పరాయివాడి కష్టమంటే అప్పనంగా దొరికిన సరుకే.

ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా పెద్దకర్మనాడు గురువులు అనే ముసలాయన జముకు వాయిస్తూ సాగనంపే పాట పాడేవాడు. పైడమ్మ అనే ఆవిడ పెద్దకర్మలో గౌరునాయుడు ఆ పాటను దొంగచాటుగా రికార్డు చేశాడు. మెమరీ కార్డుల్లోకి ఎక్కించి అమ్మసాగాడు. అమ్మడమేగాని ఒక్కనాడూ చివరిదాకా వినలేదు, మహానుభావుడు!

గురువులు కొట్టుకొచ్చి బతిమాలాడు. "అమ్మకు బాబూ. కార్డుంది కదా అని నన్నెవరూ పిలవడం లేదు. మా పొయ్యిలో పిల్లి లేవడం లేదు."

"గాలిలో పోయే పాటకు నువ్వేమైనా పట్టాదారువా తాతా?" అని నవ్వాడు గౌరునాయుడు.

పాపం, గురువులు జముకు అమ్ముకుని కూలికి విశాఖపట్నం వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు గౌరునాయుడి తల్లి అప్పలనరసమ్మ మంచాన పడింది. "ఒరే గౌరూ, నన్ను గురువులు పాటతోనే సాగనంపాలి" అని కొడుకు చేత ఒట్టు వేయించుకుని కన్నుమూసింది.

"మనిషి లేకపోతేనేం, గొంతు నా దగ్గరే ఉంది" అనుకున్నాడు కొడుకు. పెద్దకర్మనాడు మైకులో కార్డు పెట్టాడు. వింటూ అందరూ కళ్లొత్తుకున్నారు. చివర పోయినవారిని పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపు కోసమే పాటంతా. కార్డు కొన్నవాళ్లు అక్కడికి రాగానే ఆపేసి పేరు తామే పిలుచుకునేవారు; గౌరునాయుడికి ఆ సంగతే తెలియదు.

"పైడమ్మా, వెళ్లిరా తల్లీ!" అంది మైకు.

"ఏట్రా గౌరూ! ఎవరి తల్లినో సాగనంపి మా అక్కను గుమ్మంలో నిలబెట్టావేట్రా!" అని పిన్ని గుండెలు బాదుకుంది.

గౌరునాయుడికి తల కొట్టేసినట్టయింది. కొట్టులోని కార్డులన్నీ తెప్పించి అక్కడికక్కడే విరిచేశాడు. "గురువులును తెచ్చేదాకా ఈ గడప తొక్కను" అని అందరి ముందూ చెప్పి బయలుదేరాడు.

విశాఖలో వీధి వీధీ వెతికాడు. చివరికి కడుతున్న ఒక మేడ దగ్గర మేస్త్రీ ఫోనులో ఆ పాటే వినపడింది. ఆ పాట కిందే గురువులు ఇటుకలు మోస్తున్నాడు. అది తన గొంతేనని చెబితే అక్కడెవరూ నమ్మలేదట!

గౌరునాయుడు ఆయన కాళ్ల మీద పడ్డాడు. "తాతా, తప్పయిపోయింది. మా అమ్మ కోసం ఒక్కసారి పాడు."

గురువులు నోరు తెరిచాడు. సిమెంటు దుమ్ముకు పాడైన గొంతులోంచి దగ్గు తప్ప రాగం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. చివరికి మామూలు మాటలాగే, "అప్పలనరసమ్మా, వెళ్లిరా తల్లీ" అన్నాడు.

గౌరునాయుడు భోరుమన్నాడు. ఆయన తలమీది ఇటుకల తట్టను తన చేత్తో కిందికి దించి, "నడు తాతా, ఇంటికి పోదాం. ఇక నీ కూడు బాధ్యత నాది" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. పాట మాత్రం తిరిగి రాలేదు.

పాట కావాలనుకునేవాడు ముందు పాడేవాణ్ణి బతకనివ్వాలి.