సత్రం తాళంచెవి

ఒకానొక రాజ్యంలో వానలు అప్పుడప్పుడు మొహం చాటేసేవి, పంటలు అప్పుడప్పుడు చేతికి అందేవి కావు గాని, సభలో మాటలకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఆ రాజ్యం పేరు పొన్నగిరి. ఏలేవాడు గంభీరదేవ మహారాజు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తాను తుమ్మినా అది శిలాశాసనం మీద ఉండాలనుకునే రకం.

ఆ సభలో జోగన్న అని ఒక విదూషకుడు ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ ఏడాది మాత్రం అతనికి నవ్వించే ఓపిక పూర్తిగా పోయింది.

కిందటి వానల్లో ఏరు పొంగి, ఒడ్డునున్న పేటలన్నీ ఊడ్చుకుపోయింది. ఇళ్లు పోయినవాళ్లు రాజధానికి వచ్చి, బజారులో దుకాణాల చూరుల కింద పడి ఉన్నారు. బజారు మధ్యలోనే పెద్ద సత్రం ఉంది. రాజుగారి తాతగారు కట్టించింది. బావి ఉంది, పొయ్యిలు ఉన్నాయి, వందలమంది కాళ్లు చాపుకుని పడుకోగల పంచలు ఉన్నాయి. తలుపుకు తాళం కూడా ఉంది. ఎవరిని లోపలికి రానివ్వాలో సభ ఇంకా తేల్చలేదు కాబట్టి ఆ తాళం తీయలేదు.

తేల్చడం అంటే మాటలా మరి? నీడ ఇస్తే జనం సోమరులైపోతారని మంత్రి సర్వోత్తమయ్య రోజూ గుర్తు చేసేవాడు. అసలు వాళ్ల కష్టం వాళ్ల స్వయంకృతమా, దైవికమా అన్నది ముందు నిర్ణయించాలని పండితులు పట్టుబట్టేవారు. ఒకనాడైతే వాళ్లకు అన్నం పెట్టాలా వద్దా అన్న చర్చ మంచి రసపట్టులో ఉండగా, భోజనం వేళయిందని వాయిదా పడింది. ఆ మధ్యాహ్నం సభికులందరూ పులిహోర తిన్నారు. జోగన్నకు మాత్రం ముద్ద దిగలేదు.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“ప్రభూ, తాతగారు ఆ సత్రం జనం కోసం కట్టించారా, తాళం వేసుకోవడానికి కట్టించారా?”

సభ గతుక్కుమంది. రాజుకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు శిక్ష వేయడం మామూలు రాజులు చేసే పని కాబట్టి, ఆయన పదవి ఇచ్చాడు. ఆ రోజు నుంచి జోగన్న సత్రానికి విచారణాధికారి. తాళంచెవి అతని మొలకు కట్టుకోవాలి. లోపలికి రాదలచినవాళ్లను మంత్రి తయారుచేసిన ప్రశ్నలన్నీ అడగాలి. అన్నిటికీ తృప్తికరమైన జవాబు వస్తేనే తలుపు తీయాలి. తేడా రాకుండా చూడటానికి మంత్రి మనుషులు ఇద్దరు ఈటెలు పట్టుకుని పక్కనే నిలబడతారు.

“ఒక్క ప్రశ్న కూడా వదలడానికి వీల్లేదు. ఎవరికీ మినహాయింపు లేదు. నేనే స్వయంగా వచ్చి అడిగినా సరే,” అన్నాడు రాజు, మీసం మీద చెయ్యి వేసి. సభ చప్పట్లు కొట్టింది. మంత్రి అందరికంటే గట్టిగా కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి సూరమ్మ. ఏటి ఒడ్డున కుండలు చేసుకుని బతికిన మనిషి. ఇల్లు, కుండలు, చక్రం అన్నీ ఏరు మింగేసింది. మొగుడు గవరయ్య జ్వరంతో బట్టల కొట్టు చూరు కింద పడి ఉన్నాడు. ఎండాకాలం కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. వానలు మొదలైతే ఆ చూరు కింద మనిషి దక్కడని వైద్యుడు చెప్పేశాడు.

“నీ ఇల్లెక్కడ?” అని అడిగాడు జోగన్న. అది మొదటి ప్రశ్న.

“ఇల్లుంటే నీ దగ్గరికెందుకొస్తాను బాబూ?”

ఇల్లెక్కడో చెప్పలేని మనిషి నమ్మదగిన మనిషి కాదని మంత్రి రాయించిన నిబంధన. పోనీ ఇల్లుందని చెబుదామంటే, ఇల్లున్నవాళ్లకు సత్రంలో చోటు లేదు. జోగన్న తక్కిన ప్రశ్నలు కూడా అడిగాడు. ఆ వీధిలో ఇల్లున్న పెద్దమనుషులు ఇద్దరు పూచీ ఉండాలి అన్న చివరి ప్రశ్న దగ్గర సూరమ్మ వీధి పొడుగునా ఒకసారి చూసింది. ఆ ఇళ్ల అరుగుల మీద నుంచి ఆమెను ఎన్నిసార్లు అదిలించారో ఆమెకే తెలుసు.

“నీకిది బాగానే ఉందా బాబూ?” అని మాత్రం అడిగి వెళ్లిపోయింది.

జోగన్నకు ఒళ్లు మండిపోయింది. మంత్రి మీద మండింది, రాజు మీద మండింది, ప్రశ్నలు అడిగిన తన నోటి మీద ఇంకా ఎక్కువ మండింది. నెల తిరిగేసరికి బజారులోని వాళ్లందరినీ విచారించడం అయిపోయింది. ఒక్కడు కూడా లోపలికి రాలేదు. సభలో మంత్రి లేచి, విచారణ ఎంత పకడ్బందీగా జరిగిందో వర్ణించి, అర్హులు ఒక్కరూ లేనందుకు విచారం వ్యక్తం చేశాడు.

ఇంతలో రాజుగారి కొత్త కోట పూర్తయింది. గృహప్రవేశానికి ఏర్పాట్లు మొదలయ్యాయి.

పొన్నగిరిలో ఇల్లు మారడానికి ఒక ఆచారం ఉంది. పాత ఇంట్లో పొయ్యి ఆర్పి గడప దాటినవాళ్లు, కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించేదాకా మధ్యలో ఇంకొకరి గడప తొక్కకూడదు. తొక్కితే వెంట వస్తున్న లక్ష్మి ఆ ఇంట్లోనే ఆగిపోతుంది. పాలు ఎక్కడ పొంగితే అదే ఇల్లు. మామూలు జనానికి దీంతో ఇబ్బంది లేదు. ఈ వీధిలో పొయ్యి ఆర్పి ఆ వీధిలో వెలిగించుకుంటారు, పిల్లలు ఆకలని ఏడ్చేలోపల అంతా అయిపోతుంది.

గంభీరదేవుడు మామూలు జనం కాడు గదా. జ్యోతిష్కులు ఇచ్చిన ముహూర్తం ఆయనకు నచ్చలేదు. ఊళ్లోవాళ్లందరూ పెట్టుకునే ముహూర్తమే తనకూ ఏమిటని విసుక్కున్నాడు. అప్పుడు జోగన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“నిజమే ప్రభూ. బయల్దేరడానికి మంచిది తెల్లవారుజాము. ప్రవేశించడానికి మంచిది సాయంత్రం గోధూళి వేళ. రెండూ ఒకే మనిషికి దక్కడం మామూలువాళ్ల తరం కాదు.”

రాజు ఉబ్బిపోయాడు. పొద్దున పాత కోట వదిలి, పగలంతా ఏనుగెక్కి నగరమంతా ఊరేగి, సాయంత్రం కొత్త కోటలో అడుగుపెట్టడానికి నిశ్చయమైపోయింది. రాణిగారు మాత్రం బుద్ధిమంతురాలు. ఈ ఊరేగింపు తన వల్ల కాదని, తిన్నగా కొత్త కోట తోటకు వెళ్లి పందిరి వేయించుకుని కూర్చుంది.

నడినెత్తిన ఎండ పడితే చాలు, రాజు నీడ కోసం వెతుక్కోక తప్పదన్నది జోగన్న లెక్క. వాన సంగతి అతను అనుకోలేదు. అది దానంతటదే వచ్చింది.

ఊరేగింపు బజారులోకి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. ఒక్క ఉరుము ఉరిమింది. ఏనుగు బెదిరి నిలబడిపోయి, మావటివాడు బతిమాలినా తిట్టినా అడుగు వేయనంది. ఆ వెంటనే వాన దబదబా దంచడం మొదలుపెట్టింది. గాలికి తెల్లగొడుగు తిరగబడింది. అంబారీలో నీళ్లు నిలిచాయి. మహారాజు నిచ్చెన మీద నుంచి దిగి, జరీబట్టలు కాళ్లకు చుట్టుకుంటుంటే, బురదలో నిలబడ్డాడు.

అప్పుడు చూడాలి బజారు మర్యాద! వీధి పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. మా ఇంటికి దయచేయండి ప్రభూ అంటే మా ఇంటికని, ఒకరినొకరు తోసుకుంటూ పిలుపులు. ఏడాదిగా సూరమ్మ లాంటివాళ్లకు మూసుకున్న తలుపులే అవన్నీ. రాజు అడుగు ముందుకు వేయబోయి ఆగాడు. అందరి కళ్లూ ఆయన మొహం మీద లేవు, ఆయన పాదాల మీద ఉన్నాయి. పాదం గడప తొక్కితే లక్ష్మి తమ ఇంట్లో దిగిపోతుంది. మంత్రి సర్వోత్తమయ్య ఇల్లు కూడా ఆ వీధిలోదే. అతను అప్పటికే హారతి వెలిగించి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నీ ఇంటికి నేను రాను,” అన్నాడు రాజు అతనితో, వణుకుతూ.

ఎవరి ఇల్లూ కాని చోటు ఆ వీధిలో ఒక్కటే ఉంది. రాజు సత్రం వైపు పరుగు లాంటి నడక నడిచాడు. గుమ్మం ముందు జోగన్న గొడుగేసుకుని పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆ పక్కన ఈటెలవాళ్లు ఇద్దరూ కట్టెల్లా బిగుసుకుపోయారు.

“తలుపు తియ్యి జోగన్నా.”

జోగన్న లేచి వంగి దండం పెట్టాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

“తమరి ఇల్లెక్కడ?”

రాజు తెల్లబోయాడు. ఇది వేళాకోళానికి సమయం కాదన్నాడు. జోగన్న మొహంలో వేళాకోళం ఏ మూలా లేదు. ఒక్క ప్రశ్నా వదలొద్దని, తానే వచ్చినా మినహాయింపు లేదని నిండు సభలో సెలవిచ్చింది ప్రభువులేనని గుర్తు చేశాడు. తాళం పగలగొట్టండని రాజు అరవబోయాడు గాని, గృహప్రవేశం నాడు తాళం పగలగొట్టడం కంటే అపశకునం ఇంకొకటి లేదని ఆయనకే తట్టి నోరు మూసుకున్నాడు.

“పాత ఇంట్లో పొయ్యి ఆర్పేశారు. కొత్త ఇంట్లో వెలిగించలేదు. అంటే ప్రస్తుతానికి తమరికి ఇల్లు లేదు. ఇల్లెక్కడో చెప్పలేనివాళ్లను నమ్మకూడదని నిబంధన. పోనీ, ఇది స్వయంకృతమా, దైవికమా?”

“ముహూర్తం కోసం...” అని రాజు నీళ్లు నమిలాడు.

“స్వయంకృతం. ఒంటితో కష్టపడే పని ఏదైనా వచ్చా?”

రాజు ఆలోచించాడు. ఏదీ రాదు.

“ఈ పూట నీడ ఇస్తే సోమరితనం అలవాటవదని నమ్మకమేమిటి?”

కిరీటం మీద నుంచి నీళ్లు ధారగా కారి ముక్కు మీద పడుతున్నాయి. దంతాలు టకటకమంటున్నాయి. ఆయనకు జీవితంలో మొదటిసారి, అడిగేవాడు పొడిగా ఉండి చెప్పేవాడు తడుస్తుంటే ప్రశ్న ఎంత పొడుగ్గా ఉంటుందో తెలిసింది.

జోగన్న చివరి ప్రశ్నకు నోరు తెరిచాడు. ఇంతలో పక్కనున్న బట్టల కొట్టు చూరు కింద నుంచి ఒక గొంతు విసుగ్గా లేచింది. సూరమ్మ. మొగుడి మీద గోనె కప్పి, తాను సగం తడుస్తూ కూర్చుని ఉంది.

“ఎవరైతేనేం బాబూ, తడుస్తున్నాడు కదా ఆయన! ముందు తలుపు తియ్యి. ఆ ప్రశ్నలేవో లోపలికెళ్లాక అడుక్కోవచ్చు.”

జోగన్న రాజు వైపు చూశాడు. రాజు సూరమ్మ వైపు చూశాడు. గోనె కింద దగ్గుతున్న మనిషి వైపు, ఆ వెనక చూరుల కింద ముడుచుకుని నిలబడ్డ జనం వైపు చూశాడు. ఏడాది పాటు నిండు సభ తేల్చలేనిది సూరమ్మ ఒక్క విసురుతో తేల్చేసింది.

“విన్నావుగా,” అన్నాడు మెల్లగా. “ముందు తలుపు తియ్యి. అందరికీ.”

జోగన్న మొలతాడు నుంచి తాళంచెవి లాగిన లాగుకు ముడి తెగిపోయింది. ఏడాదిగా బందులు తుప్పు పట్టిన తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ముందు గవరయ్యను మోసుకొచ్చింది ఈటెలు పట్టుకున్న ఆ ఇద్దరే. ఈటెలు ఎక్కడ పారేశారో ఎవరూ అడగలేదు.

సత్రం పంచలన్నీ నిండిపోయాయి. ఎవరో పొయ్యి వెలిగించారు. జోగన్న పొద్దుటే తెప్పించి గుమ్మం పక్కన దాచిన పాలకడవ లోపలికి తెచ్చాడు. సూరమ్మ పాలు కాచడానికి కూర్చుని, మధ్యలో మొగుడి నుదురు తాకి చూడటానికి లేచింది. ఆ కాస్తలో పాలు బుస్సున పొంగి పొయ్యిలో పడ్డాయి.

తడిసిన పంచె పిండుకుంటూ లోపలికి వచ్చిన సర్వోత్తమయ్య అది చూసి గుండెలు బాదుకున్నాడు.

“ఘోరం ప్రభూ! పాలు ఎక్కడ పొంగితే అదే ఇల్లు. తమరి గృహప్రవేశం ఈ సత్రంలో జరిగిపోయింది!”

రాజు జోగన్న మొహంలోకి చూశాడు. జోగన్న పైకప్పు దూలాల వైపు శ్రద్ధగా చూస్తున్నాడు. రెండు ముహూర్తాలు ఎవరు చెప్పారో, పాలకడవ ఎక్కడి నుంచి వచ్చిందో రాజుకు అప్పుడు వెలిగింది. ముందు మీసం కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, చివరికి పొట్ట పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆ ఏడాది జోగన్న ఆయన్ని నవ్వించడం అదే మొదలు.

ఏం కావాలో కోరుకోమన్నాడు. విచారణాధికారి పదవి పీకేస్తే అంతే చాలన్నాడు జోగన్న. రాజు పదవి పీకేసి, చేతి కంకణం తీసి తొడిగి, తన జరీ శాలువా కూడా కప్పి సత్కరించాడు. అది నీళ్లు కారుతూ ఉండటంతో జోగన్న అక్కడికక్కడే రెండు తుమ్ములు తుమ్మాడు.

వాన తగ్గలేదు. రాజు పొయ్యి పక్కన సూరమ్మ ఇచ్చిన ముంతలో పాలు ఊదుకుంటూ తాగుతున్నాడు. ఇంతలో గుమ్మం దగ్గర మరో కుటుంబం, ముసలీ ముతకా పిల్లాజెల్లాతో, నెత్తిన మూటలతో వచ్చి నిలబడింది. సర్వోత్తమయ్యకు ఏళ్లనాటి అలవాటు ఎక్కడికి పోతుంది? రెండు చేతులూ అడ్డం పెట్టి, “ఆగండాగండి, మీ ఇల్లెక్కడ?” అన్నాడు.

లోపల నుంచి రాజు ముంత దించకుండానే జవాబు చెప్పాడు.

“ఇదేనయ్యా. దారికి అడ్డం లేచి, వాళ్లను వాళ్లింట్లోకి రానీ.”