గండన్న వంగి విసిరిన సొరబుర్ర

అనగనగా ఒక అడవిలో ఒక కొండ, కొండ కింద ఒక వాగు, ఆ రెంటి నడుమ ఒక ఇప్పతోపు ఉండేవి. వేసవిలో ఆ తోపు నిండా ఇప్పపూలు రాలేవి. వాటి కోసం కొండ జంతువులూ వాగు జంతువులూ ఏటా కొట్టుకుని, ఒళ్లు చీరుకుని, చివరికి పూలు తినే ఓపిక కూడా లేక పడుకునేవి. పెద్దలు విసిగిపోయి ఒక పద్ధతి పెట్టారు. గిజిగాడు అడుగులేని బుట్ట అల్లి చెట్టుకు కడతాడు. నార చుట్టిన ఎండు సొరబుర్రను అందులో ఎక్కువసార్లు వేసిన జట్టుది ఆట. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లవి ఆ ఏటి పూలు.

ఆ ఏడు కొండ మీద వడగళ్లు పడ్డాయి. తునికి పిందె ఒక్కటి మిగల్లేదు. ఇప్పపూలు దక్కకపోతే కొండమీద పిల్లాజెల్లా అంతా పస్తే.

అయినా కొండవాళ్లకు బెంగ లేదు. వాళ్ల జట్టులో గండన్న అనే ఎలుగుబంటి ఉన్నాడు. వెనక కాళ్ల మీద లేచి చెయ్యి చాస్తే బుట్ట అందేది అతనికి.

మొదటి ఆటలో గండన్న వెళ్లి బుట్ట కింద నిలబడ్డాడు. తోటివాళ్లు సొరబుర్ర అందిస్తే, అటక మీద కుండ పెట్టినంత తేలిగ్గా బుట్టలో వేశాడు. వాగు జట్టు అడవిపందులు వచ్చి తోశాయి. గండన్న కదల్లేదు, పందులే వెనక్కి జారాయి. కొండవాళ్లు సునాయాసంగా గెలిచారు. తాను ఉన్నచోటే గెలుపు ఉంటుందని గండన్నకు చిన్నప్పటి నుంచీ నమ్మకం. అది వట్టి గొప్ప కాదు పిల్లలూ, నిజమే.

కానీ వాగు జట్టు నాయకుడు మల్లప్ప అనే ముంగిస. బుర్రంతా చురుకే. ఆ ఆటలో ఒక నియమం ఉంది. విసరబోయేవాణ్ణి పట్టుకుంటే తప్పు. అప్పుడు వడ్రంగిపిట్ట చెట్టును టకటకా కొడుతుంది. పట్టుబడినవాడు దూరంగా గీత మీద నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా రెండుసార్లు విసరాలి. గండన్న దూరం నుంచి విసరగా ఎవరూ చూడలేదని మల్లప్ప కనిపెట్టాడు. చేతికందే బుట్టకు దూరం నుంచి విసరడం దేనికని కొండవాళ్లు అతనికి అది నేర్పనే లేదు.

రెండో ఆటలో సొరబుర్ర గండన్న చేతికి వచ్చిన ప్రతిసారీ రెండు పందులూ ఒక దుప్పీ అతని చేతులకు వేలాడాయి. పిట్ట టకటకా కొట్టింది. గండన్న గీత మీదికి వెళ్లి, సొరబుర్రను నెత్తి మీదికెత్తి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. ఒకటి మానుకు తగిలింది. ఒకటి పొదల్లో పడింది. ఇంకొకటి వెళ్లి పాపం గిజిగాడి గూటికే తగిలింది. పద్నాలుగు విసిరితే ఒక్కటీ పడలేదు. వాగువాళ్లు గెలిచారు.

"బుట్ట కింద పులి, గీత మీద పిల్లి," అన్నాడు మల్లప్ప. వాగు ఒడ్డంతా గొల్లున నవ్వింది.

గండన్నకు తల కొట్టేసినట్టయింది. అతని జట్టులో ఒంటికి అందరికన్నా చిన్నది, వయసుకు మాత్రం అతనికన్నా పెద్దది పోలమ్మ అనే కుందేలు. ఆమె దగ్గరికొచ్చి, వంగి, సొరబుర్రను రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ల మధ్య నుంచి ఊపి పైకి వదిలింది. అది మెల్లగా లేచి బుట్టలో దిగింది.

"బలంతో కాదు తమ్ముడూ, ఇలా వదలాలి."

గండన్న ముఖం తిప్పుకున్నాడు. అది పసిపిల్లలు విసిరే తీరు. ఇంత ఒళ్లు వేసుకుని అడవంతా చూస్తుండగా అలా వంగితే నవ్వి చంపుతారన్నాడు.

"నవ్వితే నోరు వాళ్లది. పస్తుంటే కడుపు మనది," అంది పోలమ్మ.

ఆ మాట గండన్నకు గుచ్చుకుంది. రెండు రోజులు ఆమె దగ్గర చాటుగా నేర్చుకున్నాడు. పదికి ఏడు పడేవి. చాటుగా కదా, సిగ్గేముంది.

మూడో ఆట రోజు అడవంతా వచ్చింది. మొదటిసారి పట్టుకోగానే గండన్న గీత మీద నిలబడ్డాడు. వేల కళ్లు. మోకాళ్లు వంగమంటే వంగమన్నాయి. మళ్లీ నెత్తి మీది నుంచే విసిరాడు. రెండూ పోయాయి. రెండోసారి పట్టుకున్నప్పుడూ అంతే.

పొద్దు కొమ్మల కిందికి దిగితే ఆట ఆఖరు. వాగువాళ్లు మూడు ముందున్నారు. అప్పుడు గండన్న కొండవైపు చూశాడు. పిల్లలు మాడిన డొక్కలతో కూర్చున్నారు. ఒక్కరూ నవ్వడం లేదు, ఆశగా చూస్తున్నారు. గండన్నకు తన సిగ్గు మీద తనకే సిగ్గేసింది.

మూడోసారి పట్టుకున్నారు. పిట్ట కొట్టింది. గండన్న గీత మీద వంగాడు. అడవంతా విరగబడి నవ్వింది. సొరబుర్ర మెల్లగా లేచి బుట్టలో దిగింది. రెండోదీ దిగింది. నవ్వు సగానికి తగ్గింది.

ఈసారి పందులు పట్టుకోవాలా వద్దా అని మల్లప్ప వైపు చూశాయి. పట్టుకుంటే గీత మీద రెండు. వదిలేస్తే బుట్ట కింద ఒకటి. మల్లప్ప దగ్గర మూడో ఉపాయం లేదు. వదిలెయ్యమన్నాడు. గండన్న దర్జాగా బుట్ట కిందికి నడిచి ఒకటి వేశాడు. లెక్క సమమైంది. మల్లప్ప కంగారుపడి మళ్లీ పట్టుకోమన్నాడు. గండన్న వంగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. రెండూ పడ్డాయి, పొద్దు కొమ్మల కిందికి దిగింది.

మర్నాడు ఇప్పతోపులో కొండ పిల్లలు కడుపునిండా పూలు తింటుంటే మల్లప్ప వచ్చాడు. ఆ విసురు తనవాళ్లకూ నేర్పమని నెమ్మదిగా అడిగాడు.

"నాకు నేర్పింది పోలమ్మక్క. ఆమెనే అడుగు," అన్నాడు గండన్న. "విసరడం తేలికే మల్లప్పా. ముందు వంగాలి, కష్టమంతా అక్కడే."

నీతి: ఎంత బలవంతుడైనా, నవ్వుతారని జంకక చిన్నవాళ్ల దగ్గరైనా నేర్చుకుంటేనే గెలుపు చేతికందుతుంది.