బొంతయ్య గుహలో తీగ వంతెన

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు, ముళ్ళ ఏదుపందులు కాపురముండేవి. ఒక నక్క, ఒక ముసలి ఎలుగుబంటి కూడా ఉండేవి. అడవి నడుమ చింకవాగు ఉండేది. ఎండాకాలంలో దాని ఇసుక మీద ఎవరైనా నడిచి దాటొచ్చు. కొండ మీద ఒక్క పెద్ద వాన పడిందంటే మాత్రం ఆ వాగు ఎవరి మాటా వినదు.

అందుకే ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏటా తొలకరికి ముందు ఇంటికొకరు అడ్డతీగలు తెచ్చి ఇస్తారు. ఎలుగుబంటి బొంతయ్య వాటిని పేని, మధ్యలో వెదురు బద్దలు అల్లి, వాగుకు సరిపడా వంతెన తయారుచేస్తాడు. దాన్ని చాపలా చుట్టి, చెమ్మ తగలని తన గుహలోనే దాచి, వానలు రాగానే తీసి కడతాడు.

బొంతయ్య మంచివాడే. చేతుల్లో పని ఉంది, మనసులో జాలి ఉంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మాత్రం అదే నిజమని నమ్మేస్తాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ ఏడు చలికాలంలో అతనికి వాగొడ్డున ఒక ఎర్ర కుక్కపిల్ల దొరికింది. గొర్రెల మంద వెంట వచ్చి, మంద వెళ్ళిపోయాక ఒక్కటే మిగిలి, గొంతు పోయేదాకా ఏడ్చింది. బొంతయ్య దాన్ని ఎత్తుకొచ్చి జాజు అని పేరు పెట్టాడు. అన్నాళ్ళూ ఒంటరిగా పడుకున్న ముసలివాడికి, వీపుకు వెచ్చగా ఒక ప్రాణి ఆనుకుంటే ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. జాజు లేని ఇల్లు ఇక ఇల్లే కాదనుకున్నాడు.

ఎదురుగా బొంతయ్య ఉంటే జాజు బంగారు కొండ. అతను గుమ్మం దాటితే చాలు, కొంప కొల్లేరయ్యేది. మొదట పడక చాప పీలికలైంది. తర్వాత తేనెబుర్ర ముక్కలైంది. ఆ తర్వాత ఊతకర్ర వంతు వచ్చింది. సాయంత్రం వచ్చి చూసి బొంతయ్య కేకలేసేవాడు. జాజు చెవులు వాల్చి మూలకు నక్కేవాడు. మర్నాడు మళ్ళీ అదే తంతు.

ఈ సంగతి నక్క గొప్పయ్య చెవిన పడింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ సలహాలు ఇవ్వడమే గొప్పయ్యకు పని.

"నీ మెతకతనమే వాణ్ణి చెడగొట్టింది బొంతయ్యా," అన్నాడు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఇంటికి రాగానే నాలుగు తగిలించు. వెళ్ళేటప్పుడు కట్టేసి వెళ్ళు. పొగరు అదే దిగుతుంది."

"పాపం, చిన్నవాడు కదన్నా," అని నసిగాడు బొంతయ్య.

"చిన్నవాడా? వాడు నీ మీద కసి తీర్చుకుంటున్నాడు. నీకు తెలియడం లేదు, అంతే."

గట్టిగా చెప్పాడు కాబట్టి బొంతయ్య నమ్మాడు. మర్నాడు జాజును గుహలో ఒక రాతికి కట్టేసి వెళ్ళాడు. ఆ రాతి పక్కనే చుట్టి పెట్టిన వంతెన ఉందన్న సంగతి అతనికి తట్టనే లేదు.

సాయంత్రం వచ్చేసరికి కట్టేసిన తీగా తెగింది, వంతెనా తెగింది. అడవి అంతా కలిసి తెచ్చిన తీగలు పీచుపీచుగా గుహ నిండా పడి ఉన్నాయి. జాజు మూతి నుంచి రక్తం కారుతోంది. బొంతయ్య కర్ర ఎత్తాడు గానీ కొట్టలేకపోయాడు. కర్ర పక్కన పడేసి వాడి మూతి తుడిచాడు.

తెల్లారేసరికి అందరూ గుహ ముందు చేరారు. ముందుగా దుప్పి చుక్కమ్మ మాట్లాడింది. ఆమెకు ఇంకా కాళ్ళు కుదురుకోని పిల్ల ఉంది.

"వానలు నెత్తి మీదికొచ్చాయి మావయ్యా. నీ కుక్క మీద నీకు ప్రేమ ఉంటే ఉండొచ్చు. రేపు నా బిడ్డ అవతలి గట్టున చిక్కుకుంటే ఎవరిది పూచీ?"

బొంతయ్య జాజును దగ్గరికి లాక్కున్నాడు.

"కుక్క తోక వంకర తీయడం ఎవరి తరం?" అన్నాడు గొప్పయ్య. "వాణ్ణి అడవి దాటించి వదిలేద్దాం."

జాజుకు ఏమీ అర్థం కాక బొంతయ్య పాదాల మధ్య దూరి కూర్చున్నాడు.

ఇంతలో ఏదుపంది సూదమ్మ గుహలోకి వెళ్ళింది. కొరికిన ముక్కల్ని ఒక్కొక్కటే వాసన చూసి బయటికి వచ్చింది.

"తమ్ముడూ, నువ్వు ఇంట్లో ఉండగా వీడు దేనికైనా పన్ను పెట్టాడా?"

"ఎన్నడూ లేదక్కా."

"చాప నువ్వు పడుకునేది. కర్ర నువ్వు పట్టుకునేది. వంతెన నువ్వు పేనింది. అన్నిటికీ నీ వాసనే ఉంది. వీడికి నీ మీద కసి ఎక్కడిది? ఒకసారి అందరూ వదిలేసి పోయారు. నువ్వూ పోయావనుకుని భయపడి, నీ వాసన ఉన్నదాన్ని నోట కరుచుకుంటున్నాడు. పొద్దున కొరికినదానికి సాయంత్రం తిడితే వాడికేం తెలుస్తుంది? నువ్వు ఇంటికి రావడమంటేనే తిట్లనుకుంటాడు."

గొప్పయ్య పకపకా నవ్వాడు. "బాగుంది. ఇల్లు పీకినవాణ్ణి ఇక ఉయ్యాలలో వేసి ఊపండి."

"కొరకడం గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదు గొప్పయ్యా," అంది సూదమ్మ. "కొరక్కపోతే మా జాతికి పళ్ళు ఊరుకోవు. అందుకే రాలిపోయిన దుప్పి కొమ్ములు ఏరి ఇంట్లో పెట్టుకుంటాం. వీడికీ ఒకటి ఇస్తాను. ఒంటరిగా ఉండడం మాత్రం బొంతయ్యే నేర్పాలి."

చుక్కమ్మ గుహలోకి తొంగి చూసింది. అంత బరువైన వంతెనను దాచడానికి ఆ గుహ తప్ప మరో పొడి చోటు లేదు. ఎత్తున పెడదామంటే అందులో చిన్న అరుగైనా లేదు.

"తీగలు మళ్ళీ తెస్తాం," అంది చివరికి. "కొత్త వంతెనకు పంటి గాటు పడితే మాత్రం కుక్క ఈ అడవిలో ఉండకూడదు. మాటిస్తావా మావయ్యా?"

బొంతయ్య మాటిచ్చాడు. ఇచ్చాడే గానీ, ఆ పూట అతనికి ముద్ద దిగలేదు.

సూదమ్మ చెప్పినట్టే చేశాడు. పొద్దున్నే జాజును వాగు వెంట నాలుక వేలాడేదాకా పరుగెత్తించేవాడు. ఇంటికి వచ్చాక కొమ్ముకు కాస్త తేనె రాసి ముందు పెట్టేవాడు. వెళ్ళేముందు ముద్దు చేసి, మూలిగి, పదే పదే అప్పగింతలు చెప్పడం మానేశాడు. ఊరికే లేచి వెళ్ళి, ఉడుత చెట్టెక్కి దిగేంతలో తిరిగి వచ్చేవాడు. వచ్చాక ఏమీ జరగనట్టు తన పని తాను చూసుకునేవాడు. జాజు గంతులు ఆపి కుదుటపడ్డాక దగ్గరికి తీసుకునేవాడు.

గుహ బయట బండ వెనక చెవి రిక్కించి నిలబడ్డ ఆ కాసేపూ బొంతయ్య పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. లోపల చప్పుడైతే ఒక భయం. చప్పుడు కాకపోతే ఇంకో భయం. ఒకరోజు తొందరపడి పూటంతా బయటే ఉండిపోయాడు. వచ్చి చూస్తే గుమ్మం దగ్గరి కంప నమిలి ఉంది. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి, మర్నాడు మళ్ళీ ఉడుత దగ్గర్నుంచే మొదలుపెట్టాడు. మెల్లగా కాసేపు కాస్తా గడియైంది, గడియ పూటైంది. ఈలోగా కొత్త వంతెన కూడా తయారై గుహలోకి చేరింది.

నేరేడు పళ్ళు రాలే రోజులొచ్చాయి. చుక్కమ్మ బిడ్డ, కుందేలు కూనలు కలిసి ఒక ఉదయం వాగు దాటి నేరేడు తోపుకు వెళ్ళారు. పళ్ళ మీద ఆశతో గొప్పయ్య కూడా వెంట వెళ్ళాడు. బొంతయ్య ఇవతలి గట్టున వంతెనకు గుంజలు పాతుతున్నాడు. ఆ పని ఎంతకీ తెమల్లేదు. పొద్దు వాలింది. జాజు అంతసేపు ఒంటరిగా ఎన్నడూ లేడు.

తల మీద మబ్బు లేదు గానీ కొండ మీద ఉరుములు మొదలయ్యాయి. చూస్తుండగానే వాగు ఎర్రగా పొంగి వచ్చింది. అవతలి గట్టు పల్లం. నీళ్ళు తోపులోకి ఎక్కుతుంటే పిల్లలు ఒకే చెట్టు మొదట్లో చేరి ఏడుస్తున్నారు.

"మావయ్యా, వంతెన," అంది చుక్కమ్మ.

బొంతయ్య పరుగెత్తాడు. అడుగడుక్కీ అతని కళ్ళ ముందు తెగిన తీగలే కనిపించాయి. ఇంత ఉరుములో వాడు ఊరుకుంటాడా? వంతెన పోతే పిల్లలు పోతారు. పిల్లలు పోతే జాజుకే కాదు, తనకూ ఈ అడవిలో చోటుండదు. ఉండాలని తనకే అనిపించదు.

గుమ్మం దగ్గరికి రాగానే లోపలి నుంచి కరకరమని చప్పుడు వినిపించింది. లోపలికి వెళ్ళి చూశాడు.

జాజు వంతెన చుట్టకు ఒళ్ళు ఆనించి పడుకుని ఉన్నాడు. ఉరుము ఉరిమినప్పుడల్లా వణుకుతున్నాడు. వణుకుతూనే ముందుకాళ్ళ మధ్య కొమ్మును పెట్టుకుని కొరుకుతున్నాడు. వంతెన మీద ఒక్క గాటు లేదు.

బొంతయ్య వంతెనను భుజానికెత్తుకున్నాడు. జాజు వెంట పరుగెత్తాడు. కొండముచ్చులు చెట్ల మీదుగా రెండో కొసను అవతలికి లాగి కట్టాయి. పిల్లలు ఒక్కొక్కరే బద్దలు పట్టుకుని ఇవతలికి దాటారు.

చివరికి గొప్పయ్య మిగిలాడు.

"కుక్క పక్కన పడున్న తీగల మీద నా ప్రాణం పెట్టను," అని నీళ్ళలోకి దూకాడు. వాగు అతన్ని వంపుదాకా ఈడ్చుకెళ్ళి రేగుకంపలో పడేసింది. ఒంటి మీద సగం బొచ్చు కంపకే వదిలి, కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఆ వానాకాలమంతా ఎవరికీ సలహా చెప్పలేదు.

చుక్కమ్మ తన బిడ్డను తల నుంచి తోకదాకా నాకి తుడిచింది. తర్వాత బొంతయ్య వైపు తిరిగింది.

"మావయ్యా, రేపు నేను మేతకు పోవాలి," అంది. "నా బిడ్డ ఇంట్లో ఒక్కతే ఉండాలంటే భయపడుతోంది. మీ గుహలో వదిలి వెళ్తాను. జాజు తోడుంటాడు కదా."

ముసలి ఎలుగుబంటి కళ్ళు తుడుచుకుంటూ తల ఊపాడు.

నీతి: భయంతో చేసే తప్పును దండన మాన్పించలేదు. ఆ భయమేమిటో తెలుసుకుని ఓపికతో పోగొడితే, తప్పు కూడా దానితోనే పోతుంది.