తలూపే మనుషుల పడవ

సరదాకు గాలం వేసేవాళ్లను భీమిలి నుంచి సముద్రం లోపలికి తీసుకువెళ్లే ఒక పడవ మీద, ఎవరు ఏం చెప్పినా అర్థం కాకుండానే తలూపేసే మృదుల అనే అమ్మాయి మూడు వారాలు పని నేర్చుకోవడానికి చేరింది.

మృదులది సాలూరు. విజయనగరంలో ఉండి పర్యాటకుల పనులకు సంబంధించిన డిప్లొమా చదువుతూ ఉండేది. ఆ చదువులో ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట కొన్నాళ్లు పని చేసి రావాలి. తోటి పిల్లలంతా హోటళ్లు, ట్రావెల్ ఆఫీసులు ముందుగానే ఎంచుకున్నారు. చివరికి మాస్టారు "నువ్వు పడవ మీదికి వెళ్తావా?" అని అడిగితే, ఏ పడవో ఎందుకో తెలియకుండానే మృదుల తలూపింది. అలా వచ్చిపడింది ఇక్కడికి.

ఆ పిల్ల మొద్దు కాదు. మార్కులు బాగానే వచ్చేవి. కానీ "అర్థం కాలేదు" అనే మాట ఆమె నోట్లోంచి ఎన్నడూ బయటికి వచ్చేది కాదు. అడిగితే తెలివితక్కువది అనుకుంటారని భయం. తలూపితే ఆ క్షణానికి గండం గడిచిపోయేది. తర్వాత ఏమవుతుందో తర్వాత చూసుకోవచ్చు అనుకునేది. ఆ తర్వాత అనేది రోజూ వచ్చేది.

పడవ నడిపే మనిషిని అక్కడ సరంగు అంటారు. ఈ పడవ సరంగు ఎల్లాజీ. యాభై దాటిన వయసు, ఎండకు మాడిన ఒళ్లు, మితంగా మాటలు. ఇంజను చప్పుడులో ఏదైనా ఒక్కసారే చెప్పేవాడు. మృదుల తలూపేది. ఎల్లాజీ తన పని తను చూసుకునేవాడు.

మొదటి రోజు ఎల్లాజీ ఒక బుట్టెడు కవ్వ చేపలు ఇచ్చి, శుభ్రంగా చూసి మంచులో పెట్టమన్నాడు. మృదుల తలూపింది. చేపలంటే కూరకే అని ఆమెకు తెలుసు. కూర్చుని ఒక్కొక్క కవ్వ పొలుసు గీకింది. తలలు తీసింది, తోకలు తీసింది, వంటపెట్టెలో పసుపూ ఉప్పూ కనిపిస్తే పట్టించి మరీ మంచులో పెట్టింది. తీరా సముద్రం మీదికి వెళ్లాక తెలిసింది, అవి గాలానికి ఎరగా గుచ్చడానికి తెచ్చిన చేపలని. పసుపు పూసిన తునకలను ఏ చేపా ముట్టలేదు. ఎల్లాజీ తిట్టలేదు గానీ, మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నాడు.

అసలు ఆ పడవ మీద జరిగేదంతా ఆమెకు అయోమయంగానే ఉండేది. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చేవారు. తెల్లవారకుండా లేచి, ఎండలో మాడి, వాంతులు చేసుకుని, గంటసేపు పెనుగులాడి ఒక పెద్ద చేపను పడవ పక్కకు లాగేవారు. కొలిచేవారు, ఫొటో తీసుకునేవారు. ఆ తర్వాత మెల్లగా నీళ్లలో వదిలేసేవారు. పట్టుకున్నదాన్ని వదిలేయడానికి ఇంత అవస్థ దేనికో మృదులకు ఎంత ఆలోచించినా తట్టలేదు. చేప ఇంకా ముదరలేదేమో అని తనకు తనే సర్దిచెప్పుకుంది. అడిగితే ఎల్లాజీ ఒక్క నిమిషంలో చెప్పేవాడు. ఆమె అడగలేదు.

రెండో వారంలో పడవ యజమాని ఒక కుర్రవాణ్ని వెంటబెట్టుకుని వచ్చి, చుక్కాని పక్కన దారి చూపే కొత్త మిషను బిగించాడు. చిన్న టీవీలాంటి తెర మీద నీలం రంగూ గీతలూ అంకెలూ కనిపించేవి. ఆ కుర్రవాడు అరగంటసేపు గబగబా ఏదో చెప్పాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఎల్లాజీ గంభీరంగా వింటూ తలూపాడు. దూరం నుంచి చూస్తున్న మృదుల, ఈయనకు ఎంత త్వరగా అర్థమైపోతుందో అనుకుని అసూయపడింది. రోజూ తను చేసే పనే ఎదురుగా మరొకరు చేస్తుంటే గుర్తుపట్టలేకపోయింది.

యజమాని వెళ్లాక ఎల్లాజీ ఆమెను పిలిచి, చదువుకున్నదానివి గదా, ఈ మిషను సంగతి నీకు తెలుసు గదా అని అడిగాడు. మృదుల తలూపింది. ఎల్లాజీ గుండెల నిండా గాలి పీల్చుకుని, అయితే ఇది నీ పని అన్నాడు. ఆమె మళ్లీ తలూపింది. అలా ఆ మిషను తెలిసినవాళ్లు పడవలో ఇద్దరయ్యారు. నిజానికి ఒక్కరూ లేరు.

ఎల్లాజీకి మాత్రం ఇన్నేళ్లూ మిషనుతో పని పడలేదు. గట్టు మీది లైట్‌హౌసు, వెనకనున్న కొండ, ఈ రెండే ఆయన గుర్తులు. లైట్‌హౌసు కొండకు ఏ పక్కన కనిపిస్తే తను ఎక్కడున్నట్టో ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. ముఖ్యంగా ఏనుగురాళ్లనే చోటును ఆయన ఆ గుర్తులతోనే తప్పించుకునేవాడు. అవి నీళ్లకు రెండడుగుల కింద దాగి ఉండే బండరాళ్లు. వాటి మీదికి పోయి బద్దలైన పడవల గురించి ఆయన ఒక్కోసారి చెప్పేవాడు.

ఒక జనవరి నెల ఉదయం హైదరాబాదు నుంచి నరహరిరావు అనే పళ్ల డాక్టరు వచ్చాడు. ముక్కు కత్తిలా పొడుగ్గా సాగి ఉండే కొమ్ముకోనాం చేపను ఒక్కసారైనా గాలానికి పట్టాలని ఆయనకు చాలా ఏళ్ల కోరిక. పడవ కదలకముందే ఎల్లాజీ ఆయనకు చెప్పాడు, పెద్ద చేప పరుగెత్తినప్పుడు గాలం దారం చుట్టిన రీలు బిగించకూడదని, వదులు చేసి దారం పోనివ్వాలని. డాక్టరు బాగా తెలిసినవాడిలా తలూపాడు.

తీరం సన్నని గీతలా కనిపించేంత దూరం వెళ్లాక కొమ్ముకోనాం నిజంగానే పడింది. నీళ్లలోంచి ఒక్కసారిగా పైకి లేచి మళ్లీ పడిపోయింది. డాక్టరు గాలం కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. చేప లోతు వైపు పరుగు తీసింది. ఎల్లాజీ పడవను దాని వెంట పరుగెత్తించాడు. ముగ్గురి కళ్లూ ఆ చేప మీదే ఉండిపోయాయి. అరగంట గడిచింది. చేప మళ్లీ ఒక గుంజు గుంజగానే డాక్టరు కంగారుపడి రీలును ఇంకా గట్టిగా బిగించాడు. దారం పుటుక్కున తెగిపోయింది. ఆయన ఆ ఖాళీ కర్రను చాలాసేపు అలా పట్టుకునే నిలబడ్డాడు.

వాళ్లు తలెత్తి చూసేసరికి గట్టు లేదు. లైట్‌హౌసూ లేదు, కొండా లేదు. ఎటు చూసినా తెల్లటి పొగమంచు. పడవ ముందు నిలబడితే వెనకున్నవాళ్లు మసకగా కనిపిస్తున్నారు. డాక్టరు ఫోను తీసి చూశాడు. సిగ్నలు లేదు, మ్యాపులో ఉత్త నీలం.

అలల నడకను బట్టి గట్టు ఎటువైపుందో ఎల్లాజీకి తెలుసు. పడవ ముక్కును అటు తిప్పాడు. తెలియనిదల్లా ఒక్కటే, ఏనుగురాళ్లు తమకు ఏ పక్కన ఉన్నాయో. ఎన్నడూ లేనిది ఆయన గొంతులో కంగారు వినిపించింది.

"నా గుర్తులు పోనాయమ్మా. మిషను సూసి సెప్పు, రాళ్లు ఎటేపున్నాయి?"

మృదుల తెర ముందు నిలబడింది. మధ్యలో ఒక నల్ల చుక్క ఉంది. దానికి ఎడమ వైపు ఒక ఎర్రటి గుర్తు ఉంది. ఆ చుక్క పడవ కావచ్చు, ఆ ఎర్రది రాళ్లు కావచ్చు. కాకపోనూవచ్చు. తెలియదని ఇప్పుడు చెప్తే వారం నుంచి ఊపిన తలంతా అబద్ధమైపోతుంది. "ఎడమ వైపు ఉన్నాయి బాబాయ్, నేరుగా పోవచ్చు" అంది.

పడవ నేరుగా సాగింది. కొంతసేపటికి మంచులోంచి ఒక చప్పుడు వినిపించింది. అల దేనికో తగిలి విరుగుతున్న చప్పుడు. అది ఎడమ నుంచి వస్తోందో ఎదురు నుంచి వస్తోందో ఆ మంచులో తెలియడం లేదు. ఎల్లాజీ వేగం తగ్గించాడు.

"మళ్లీ సూడమ్మా. రాళ్లు ఎడమేపేనా?"

మృదుల తల అలవాటుగా కిందికి వంగబోయింది. సరిగ్గా అప్పుడే ఆమె చూపు ఎల్లాజీ చేతి మీద పడింది. ఆ చెయ్యి ఇంజను మీట మీద ఆగి ఉంది. అది ఆమె తల కోసం ఎదురుచూస్తోంది. తను తలూపితే ఆ చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే పడవ కదులుతుంది. పడవలో తనతో పాటు ఇంకో ఇద్దరున్నారు. ఆ సంగతి తట్టేసరికి ఆమె వంగబోయిన తలను ఎత్తింది.

"నాకు తెలీదు బాబాయ్" అంది. ఇంజను చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. మళ్లీ గట్టిగా అంది. "ఈ మిషను గురించి నాకేమీ తెలీదు. తెలుసని ఊరికే తలూపాను."

ఎల్లాజీ వెంటనే పడవను వెనక్కి నడిపాడు. అప్పటికే పడవ రాళ్ల అంచుకు వచ్చేసింది. వెనక్కి వస్తూ ఉండగానే అడుగున గరగరమని ఒరిపిడి, ఆ వెంటే ఠంగుమని చప్పుడు. నీళ్లలో తిరిగే ఇంజను రెక్క రాయికి తగిలి అంచు విరిగింది. ఇంకొంచెం వెనక్కి వచ్చాక ఇంజను ఆపి లంగరు దించాడు. ముందు నుంచి అల విరుగుతున్న చప్పుడు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే పడవ ఆ రాళ్ల మీద బద్దలయ్యేది.

మృదుల ఏడుస్తూ కూర్చుంది. ఎల్లాజీ లంగరు తాడు కట్టి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తిడతాడని ఆమె కాచుకుని ఉంది.

"నాకూ తెల్దమ్మా" అన్నాడు. "ఆ కుర్రోడు సెప్తా ఉంటే ఏటో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ముప్పై ఏళ్లుగా సముద్రం మీదున్నోణ్ణి, పిల్లోణ్ణి పట్టుకుని మళ్లీ సెప్పరా అని ఎలగ అడుగుతాను? తలూపీసినాను. నీకు తెలుసులే అని ధైర్నంగా ఉన్నాను."

డాక్టరు కూడా నోరు విప్పాడు. రీలు వదులు చెయ్యడం ఎటు తిప్పితే అవుతుందో తనకూ తెలియదని, అంత పెద్ద కర్ర కొనుక్కుని వచ్చి అడగడానికి నామోషీ అయిందని ఒప్పుకున్నాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ భయంలోనూ ముందు నవ్వింది మృదులే.

ఆ తర్వాత ఆమె కళ్లు తుడుచుకుని జీవితంలో మొదటిసారి అడగడం మొదలుపెట్టింది. ఈ మిషనుతో పాటు పుస్తకమేమైనా ఇచ్చారా అని అడిగింది. ఇచ్చారు, పెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో అలాగే ఉంది. డాక్టరు ఆ ఇంగ్లీషును నిదానంగా చదివి తెలుగులో చెప్పాడు. ఏది అర్థం కాకపోయినా ఆమె ఆపి, మళ్లీ చెప్పించుకుంది. నల్ల చుక్క పడవే. ఎర్ర గుర్తు రాళ్లే. కానీ తెర పైభాగం పడవ ముక్కు వైపు కాదు, అది ఎప్పుడూ ఉత్తరమే.

"అయితే తెర మీద ఎడమంటే పడమర" అంది మృదుల. "మనం ఎటు పోతున్నాం బాబాయ్?"

"గట్టేపు. పడమటికే."

రాళ్లు ఎడమ పక్కన లేవు. ఇంతసేపూ తిన్నగా ఎదురుగానే ఉన్నాయి. రాళ్ల వరస ఏ వైపు సాగి ఉంటుందని ఆమె అడిగింది. ఉత్తరానికి అన్నాడు ఎల్లాజీ. అయితే దక్షిణం నుంచి చుట్టి పోవాలి. డాక్టరు పుస్తకం పట్టుకున్నాడు, మృదుల తెర చూసింది, ఎల్లాజీ చుక్కాని పట్టాడు. విరిగిన రెక్కతో పడవ నత్తనడక నడిచింది. ఒక గంట తర్వాత మంచు పలచబడి, కొండ పక్కన ఎల్లాజీ అనుకున్న చోటే లైట్‌హౌసు కనిపించింది.

మిగిలిన రోజులన్నీ పడవ ఇసుకలోనే ఉండిపోయింది. రెక్క మార్చాలి, అడుగు బాగుచెయ్యాలి. డాక్టరు చేప లేకుండా హైదరాబాదు వెళ్లిపోయాడు. మృదుల పడవ అడుగున పట్టిన నాచు గీకుతూ ప్రశ్న మీద ప్రశ్న అడిగేది. పట్టిన పెద్ద చేపను ఎందుకు వదిలేస్తారని కూడా అడిగింది. లక్షల గుడ్లు పెట్టేది పెద్ద చేపేనని, అది బతికి ఉంటేనే రేపటికి చేపలుంటాయని ఎల్లాజీ చెప్పాడు. రెండు వారాలు ఆమె బుర్ర తొలిచిన సంగతి అంతే.

ఆఖరి రోజు యజమాని వచ్చి, మిషను గురించి మళ్లీ గబగబా అంతా చెప్పి, అర్థమైందా అని అడిగాడు. ఎల్లాజీ తల కొంచెం కదలబోయి ఆగింది. మృదుల ముందుకు వచ్చింది. "అర్థం కాలేదండీ. మూడో బటను దేనికో మళ్లీ చెప్పండి" అంది. యజమాని నోరు తెరిచాడు. మూడో బటను వైపు చూశాడు. తనకూ తెలియదని, ఆ కుర్రవాడు చెప్పినప్పుడు తలూపానని ఒప్పుకున్నాడు.

తెలియదని ఒప్పుకుంటే ఒక్క క్షణం సిగ్గుపడతామంతే; తెలియకుండా తలూపితే మనల్ని నమ్మినవాళ్లను కూడా రాళ్ల మీదికి తీసుకుపోతాం.