కారుకి స్పేసర్లు వేయించిన అన్నదమ్ములు

అరటిలంకలో దోసకాయల భీమశంకరాన్ని "ఏవండీ, కులాసాయేనా?" అని అడిగితే, "ఆయ్, కులాసాయేనండి. తెలివే కాస్త ఎక్కువైపోయింది, ఎక్కడ దాచుకోవాలో తెలీట్లేదు" అనేవాడు. నిజమే పాపం! వానొస్తే నుయ్యి తడిసిపోతుందని గొడుగు పట్టుకుని నూతి దగ్గర నించునే వంశం అది. భీమశంకరం, తమ్ముడు వరహాలు, మేనత్త అచ్చియ్యమ్మ, ముగ్గురికి ముగ్గురే.

అంత తెలివున్నా భీమశంకరానికి ముప్పై ఏడేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. అంతా ఆ పాత కారు చలవ. మలుపు తిరిగితే చాలు, అటూ ఇటూ ఊగిపోయేది. ఆ ఊపుకి అచ్చియ్యమ్మకి కడుపులో తిప్పేది. అయిదు చోట్లకి పెళ్ళిచూపులకెళ్తే అయిదు గుమ్మాల్లోనూ వాంతే. ఎవరిస్తారండీ పిల్లని?

ఆరో సంబంధం నేలటూరు నూకరాజు గారమ్మాయి మంగతాయారు. ఫొటో చూసిన దగ్గర్నించీ భీమశంకరానికి అన్నం సయించట్లేదు. ఇది కూడా తప్పిపోతే ఇంక తనకి పెళ్ళి లేదని బెంగ పెట్టేసుకున్నాడు. పైగా నూకరాజు గారు కబురంపారు, "పదకొండింటికి వర్జ్యం వస్తుంది. ఔనో కాదో ఆలోపే చెప్పెయ్యాలి" అని.

అంతే, మెకానిక్ మస్తాను దగ్గరికి పరిగెత్తాడు. మస్తాను కారు చుట్టూ తిరిగి, "స్పేసర్లు వేద్దాం బాబూ. చక్రానికీ ఇరుసుకీ మధ్య లావుపాటి బిళ్ళలు. చక్రాలు అటూ ఇటూ రెండేసి అంగుళాలు బయటికొస్తాయి. బండి కాళ్ళు ఎడంగా పెట్టుకుని నించున్నట్టుంటుంది, అంతగా ఊగదు" అన్నాడు.

వేశాడు. వేసి గట్టిగా చెప్పాడు. "యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్ళీ బిగించాలి. మర్చిపోయారో, చక్రాలు ఊడిపోతాయి. ఇంకోటి, బండి వెడల్పు పెరిగింది, మీ గేటుకి తగులుతుందేమో!"

"గేటుంటే కదా తగిలేది!" అనుకుని అన్నదమ్ములిద్దరూ ఇంటికెళ్ళి గేటు విప్పి పెరట్లో పడేశారు. స్తంభాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకేముంది, పెళ్ళిచూపుల పొద్దున కారు బయటికి తియ్యగానే ఓ స్తంభం కాస్తా కూలింది. "చూశావా అన్నయ్యా, ఎంత బలమొచ్చిందో!" అని వరహాలు పొంగిపోయాడు.

అచ్చియ్యమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "ఒరేయ్, చక్రానికి బిళ్ళ పెడితే చక్రం ఊగట్లేదు. మరి నాకేదిరా బిళ్ళ?" అంది. అంతే, వెనక సీట్లో ఆవిడకి అటో గుమ్మడికాయ, ఇటో గుమ్మడికాయ కుక్కారు. ఆవిడ ఊగడం మానేసింది. మెడ తిప్పడం కూడా మానేసింది.

నేలటూరు తొమ్మిది కిలోమీటర్లు. నూకరాజు గారింటి ముందు అందరూ నీళ్ళ చెంబులతో నించున్నారు. భీమశంకరం కారు తోలుతున్న వరహాలు భుజం తట్టాడు.

"తమ్ముడూ, ఆపు!"

"ఎలా ఆపుతానన్నయ్యా? యాభై తిరగమన్నాడు. మధ్యలో ఆగమన్నాడా?"

అనలేదు మరి! కారు రయ్యిమని వెళ్ళిపోయింది. భీమశంకరం తల బయటికి పెట్టి, "వచ్చేశామండీ! ఇంకా నలభై ఒక్క కిలోమీటర్లే!" అని అరిచాడు.

ఊరి చుట్టూ కాలవగట్టు రోడ్డుంది, చుట్టు తిరిగితే అయిదు కిలోమీటర్లు. వరహాలు అదే పట్టుకున్నాడు. రెండోసారి వచ్చేసరికి మంగతాయారే రోడ్డు మీదకొచ్చింది.

"పెళ్ళికొడుకు మీరేనా?" అని కేకేసింది. కారు దాటిపోయింది.

మూడోసారి: "నేనేనండీ!"

"పేరేంటీ?"

నాలుగోసారి: "భీమశంకరం! మీకు వంటొచ్చా?"

అయిదోసారి: "వచ్చు! మీకూ?"

ఆరోసారి: "తినడమొచ్చండీ!"

పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వుకి భీమశంకరం చుట్టంతా ఈల వేస్తూనే ఉన్నాడు. ఏడోసారి వచ్చినప్పుడు "మా అత్తయ్యకి మీరు నచ్చారు!" అన్నాడు. గుమ్మడికాయల మధ్య ఇరుక్కున్న అత్తయ్య అప్పటికి చూసింది వరహాలు పిలకని మాత్రమే.

ఎనిమిదోసారి నూకరాజు గారు అడ్డొచ్చి, "బాబూ, కాఫీ చల్లారిపోతోంది, ఆగండయ్యా!" అని, కారు ఆగకపోయేసరికి అరుగెక్కేశారు.

తొమ్మిదోసారి మంగతాయారు సిగ్గుపడుతూనే గొంతెత్తి అరిచింది. "నాకు ఇష్టమే! మీకూ?"

కారు దాటిపోయింది. భీమశంకరానికి కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. పదోసారి వెళ్ళగానే చెప్పేద్దామని గొంతు సవరించుకుంటున్నాడు. కిలోమీటరు దాటగానే వరహాలు బ్రేకు తొక్కాడు.

"యాభై అయిపోయింది. నట్లు బిగించాలి."

"నాలుగడుగులు పోనీరా! ఆ పిల్లకి మాట చెప్పాలి!"

"యాభై అన్నాడు. యాభై ఒకటి అన్నాడా?"

అదీ నిజమే. పానా కోసం వెతికితే లేదు. ఇంట్లో గూట్లో ఉంది. టైము పదకొండుకి పావుగంట తక్కువ.

"నడిచెళ్ళి చెప్పి రారా!" అంది గుమ్మడికాయల మధ్య నించి అచ్చియ్యమ్మ.

"ఎలాగత్తయ్యా? ఇప్పటిదాకా కారులోంచి మాట్లాడినవాణ్ణి. నడిచెళ్తే నేనే అని ఎలా గుర్తుపడుతుంది?" అని తల పట్టుకున్నాడు భీమశంకరం. ఏడుపొక్కటే తక్కువ. అంతలో ఆ వంశపు తెలివి పొంగుకొచ్చింది. తన వైపు తలుపు ఎప్పట్నించో తాడుతో కట్టి ఉంది. తాడు విప్పాడు, తలుపు ఊడదీసి చంకన పెట్టుకున్నాడు, పరుగో పరుగు!

పదకొండుకి రెండు నిమిషాలుందనగా నూకరాజు గారింటి ముందు తలుపుని రోడ్డు మీద నిలబెట్టి, దాని వెనక గొంతుక్కూచుని, "నాకూ ఇష్టమే!" అన్నాడు.

ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది. మంగతాయారు దగ్గరికొచ్చి అద్దం మీద టకటకా కొట్టింది.

"అద్దం దించండి, వినపడట్లేదు."

గిరగిరా హేండిల్ తిప్పి అద్దం దించాడు. "నాకూ ఇష్టమేనండీ!"

నూకరాజు గారు హమ్మయ్య అనుకుని, "సరే బాబూ, మాట కలిసింది. దిగి లోపలికి రండి" అన్నారు.

భీమశంకరం బుద్ధిగా తలుపు తెరుచుకుని దిగాడు. మళ్ళీ వేసి, తాళం కూడా వేశాడు. తలుపుని గోడకి చేరేసి, పిల్ల వెనకే గుమ్మం దాకా వెళ్ళాడు. మంగతాయారు ఠక్కున ఆగి వెనక్కి చూసింది.

"అయ్యో, అద్దం ఎత్తడం మర్చిపోయారండీ! వానొస్తే సీట్లు తడిసిపోవూ?"